టీచరమ్మ సంతాప సభల నా బైజంటైన్ స్కేలు

పోయిన నెల ఒక ఆదివారం నా తెలివి ఎక్కడ తేలిందో చెప్త, ఇనుండ్రి. నవ్వుకోండ్రి గని, జర మెల్లగ నవ్వుండ్రి. ఇది జరిగింది సంతాప సభల.

మీకు తెలుసు గద, నేను ఉప్పల్ల మేడ మీద కిరాయికుంట. కింద ఇంటి ఓనర్లు, రాజయ్య సారు, సరోజన టీచరమ్మ. టీచరమ్మ పొద్దుగూకంగ కాలనీ పిల్లలకు సంగీతం చెప్పేది. నాచారంల మందు గోలీల కంపెనీల డ్యూటీ దిగి, మెట్రో కోసం తవ్విన రోడ్డు మీద ఎగిరి దుంకుకుంట నేను ఇంటికొచ్చేసరికి కింద సరిగమలు నడుస్తుండేటివి. నేను సక్కగ పైకి పోయి చెవులల్ల ఇయర్‌ఫోన్లు వెట్టుకునేది. ఎందుకంటె మనది వెస్టర్న్!

పోయినేడు గోవా పోయినప్పుడు యుకులేలి కొన్న. చిన్న గిటార్ లెక్కుంటది, నాలుగే తీగలు. అందరు వాయించేది మనమెందుకు అని నెట్ల దేవులాడితె, బైజంటైన్ స్కేలు అని ఒక స్వరాల వరుస దొరికింది. వీడియోల తెల్లాయన చెప్పిండు, ఇది మస్తు అరుదైన స్కేలు, వింటుంటె ఏదో దూరదేశం పోయినట్టుంటది అని. తీగలన్ని ఒక్కసారే మోగేటట్టు సి మేజర్ కార్డు పట్టి, పక్కనే ఉన్న సి షార్ప్ మేజర్‌కు జారాలె. చూపుడువేలు తీగల మీద అడ్డంగ పండవెట్టి, చిటికెన వేలును నాలుగో మెట్టు దాక గుంజాలె. ఆగుకుంట ఆగుకుంట నడిచే ఆ ఒక్క వీడియోను సూసి ఆర్నెల్లు నేర్చుకున్న.

ఒకనాడు మెట్ల కాడ టీచరమ్మ ఆపింది.

"ఏంది రవీందర్, పైన ఏదో వాయిస్తున్నవు? మంచిగున్నది."

"బైజంటైన్ స్కేలు టీచరమ్మా. మన దిక్కు ఎవ్వరికి తెల్వది."

ఆమె నవ్వింది. "అట్లనా! ఒకసారి కిందికి తెచ్చి వినిపియ్యి మరి."

"వచ్చే ఆదివారం" అన్న. ఆ ఆదివారం ఓవర్‌టైం పడ్డది. దాని మీది ఆదివారం ఊరికి పోయిన. నేను తిరిగొచ్చేసరికి ఆమెను దవాఖానల చేర్చిన్రు. మళ్ల ఇంటికి రాలే.

మాటిచ్చి వినిపియ్యకపోతి అని లోపల ఒకటే పీకుడు. అందుకే సారును అడిగిన, "సభల రెండు నిమిషాలు వాయించనా?" అని. సారు తల ఊపిండు.

కాలనీ కమ్యూనిటీ హాల్ల కుర్చీలన్ని నిండినయి. పూలదండ వేసిన ఫొటో ముందు, జంపఖానా మీద, టీచరమ్మ దగ్గర నేర్చుకున్న పిల్లలంత కూసున్నరు. సైనిక్‌పురి నుంచి వచ్చిన వాళ్ల బిడ్డ మాధవి సారు పక్కన ఉన్నది. నేను మైకు వట్టుకున్న.

"ఇప్పుడు వాయించబోయేది మన సంగీతంల లేని స్కేలు. చెవులకు కొత్తగ ఉండొచ్చు, జర ఓపిక వట్టుండ్రి" అన్న.

కార్డులకంటె ముందు స్కేలు తెలవాలె గద అని ఒక్కొక్క స్వరం నిమ్మలంగ మీటిన. నాలుగు అయినయో లేదో, ముందు వరుసల ఒక చిన్నపిల్ల అందుకున్నది, "స... రి... గ... మ..."

పాపం, ఏమో అనుకున్నది అనుకున్న. అయిదో స్వరానికి పక్కపిల్ల కలిసింది. ఆరోదానికి అందరు! నేను పైకి పోతె వాళ్లు పైకొచ్చిన్రు, కిందికి దిగితె దిగిన్రు. ఒక్క స్వరం తప్పలే! నేను ఆగిన. వాళ్లు ఆగలే. తొడ మీద తాళం వేసుకుంట, రెండింతల వేగంతోని రెండో కాలం ఎత్తుకున్నరు. ఏం చెయ్యాలెనో తోచక సి షార్ప్ మేజర్ గట్టిగ కొట్టిన. పిల్లలందరు పాడుకుంటనే తల తిప్పి నన్ను సూసిన్రు. నన్ను గట్ల మా మేనేజర్ గూడ ఎన్నడు సూడలే.

మాధవి మెల్లగ లేచొచ్చి చెవుల చెప్పింది. "అన్నా, స ఒక్కటి వాయించు. చాలు."

వాళ్ల స అంటె నా సి అన్నట్టు. ఆ తీగ ఒక్కటే మీటుకుంట నిలబడ్డ. పిల్లలు సరళీ వరుసలన్ని పాడిన్రు. రాజయ్య సారు కండ్లు మూసుకొని, పెదవులు కదుపుకుంట ఇన్నడు. చెంపల మీదికెళ్లి నీళ్లు కారుతున్నయి. నేను గూడ ఏడ్చిన, సగం టీచరమ్మ కోసం, సగం నా ఇజ్జత్ కోసం.

అయిపోయినంక సారు నా చెయ్యి వట్టుకున్నడు. "ఆమె పానం వెట్టి చెప్పే మాయామాళవగౌళ రాగం వాయించినవు బిడ్డా. ఎవరి దగ్గర నేర్చుకున్నవు?"

"సార్... నెట్ల... బైజంటైన్..."

"అన్నా, సంగీతంల మొదటి రోజు నేర్పేదే ఇది" అన్నది మాధవి. "మా ఇంట్ల ఇరవై ఏండ్ల సంది రోజు నడిచేది ఇదే."

సారు భుజాలు కదిలినయి. మళ్ల ఏడుస్తున్నడని భయపడ్డ. కాదు, నవ్వుతున్నడు. పదకొండు రోజుల తర్వాత, నోటికి తువ్వాల అడ్డం వెట్టుకొని, ఆపుకోలేక నవ్వుతున్నడు.

ఇప్పుడు ఆదివారాలు మాధవి వచ్చి క్లాసు చెప్తున్నది. నేను గూడ చేరిన. నన్ను అందరికంటె వెనక వరుసల కూసోవెట్టింది. "ఎత్తు ఎక్కువున్న అనా?" అని అడిగిన.

"కాదన్నా" అన్నది, "కొత్తగ చేరినోళ్లు వెనకనే కూసుంటరు."