కడియం లోపలి మూడు చుక్కలు

నేను ఏది చెప్పినా పెంచి చెబుతానని మా ఆవిడ ఫిర్యాదు. నిజమే. మా మేనత్త బంగారు కడియం బరువుకి ఆమె కుడిభుజం జానెడు కిందికి దిగిందనీ, ఆమె చెయ్యి ఊపితే కొల్లేట్లో కొంగలన్నీ మెరుపు మెరిసిందనుకుని లేచిపోయేవనీ ఊరంతా చెప్పినవాణ్ణి నేనే. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం పెంచడానికేమీ లేదు. తగ్గించే వీలుంటే బాగుండును.

అత్తయ్యది కొల్లేటి గట్టు మీది ఊరు. పెళ్ళిచూపులయ్యాక ముహూర్తం దాకా పెళ్ళికొడుకు ఆ గడప తొక్కకూడదని పెద్దల కట్టడి. మామయ్య మూడుసార్లు తొక్కాడు. మొదటిసారి గొడుగు మరిచిపోయానన్నాడు. రెండోసారి, మరిచిపోయింది ఆ గొడుగు కాదన్నాడు. మూడోసారి ఏ సాకూ దొరక్క, దోనె నడిపేవాడు దారి తప్పాడన్నాడు. పెళ్ళికి తాడేపల్లిగూడెంలో కంసాలి పక్కనే కూర్చుని ఈ కడియం చేయించాడు. లోపలివైపు కంసాలి తన ముద్ర కొట్టుకుంటే, ఆ పనిముట్టు అడిగి తీసుకుని, పక్కనే మూడు చుక్కలు తన చేత్తో కొట్టాడు. మూడు రాకలకి మూడు చుక్కలు. మూడోది చెయ్యి జారి వంకరగా, లోతుగా పడింది. అత్తయ్యకి అదంటేనే ఎక్కువ ఇష్టం.

మామయ్య పోయిన పదోరోజున గాజులు తీసినవాళ్ళు కడియం మీద చెయ్యి వేయబోతే, "దీని జోలికి రాకండి" అంది. ఎవరూ రాలేదు. తర్వాత నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఏలూరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. కూర్చున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలు కడియం లోపలికి దూర్చి రాస్తూ ఉండేది.

కడియం మర వదులైంది. బాగు చేయిస్తానని నేనే తీయించాను. ఏలూరులో కొట్లు లేక కాదు, అది పుట్టిన ఊరికే తీసుకెళ్ళాలని నా గొప్ప. గూడెంలో ఓ పెద్ద కొట్టు. అద్దాలూ లైట్లూ ఎంతంటే, లోపలికి వెళ్ళేసరికి నాకు నేనే పదహారు మందిగా కనిపించాను.

"దీనికి హాల్‌మార్క్ లేదండీ. రేపు మార్చాలన్నా చిక్కండీ. వేయించేద్దామాండీ?" అన్నాడు కౌంటర్లో ఆయన.

"వేయించండి. పెద్దావిడ సంతోషిస్తుంది" అన్నాను.

వారం తర్వాత ఇచ్చారు. కొత్త పెళ్ళికూతురిలా ఉంది. లోపల భూతద్దంతో చూస్తే చిన్న ముక్కోణపు గుర్తు, ఎన్ని కారెట్లో ఆ అంకె, ఆరక్షరాల నంబరు.

"లోపల పాత గాట్లేవో ఉంటే అరగదీసి నున్నగా మెరుగు పెట్టించామండీ" అన్నాడు.

థాంక్స్ చెప్పాను. చుక్కల సంగతి ఉంగుటూరు దాటాక బస్సులో తట్టింది. దిగి వెనక్కి వెళ్ళి మాత్రం చేసేదేముంది?

ఇంటికొచ్చి, "హాల్‌మార్క్ వేయించాను అత్తయ్యా!" అని వీధి చివరిదాకా వినపడేలా అన్నాను. తొడుక్కుంది. బొటనవేలు లోపలికి వెళ్ళింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. కడియం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నాది కాదు నాన్నా."

"మీదే అత్తయ్యా. మెరుగు పెడితే ఆ చుక్కలు..."

"ఏం అవసరం వచ్చిందిరా? అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా."

మార్చలేదని, అమ్ముకోలేదని ఒట్లు వేశాను. నంబరు చదివి వినిపించాను. "నంబరు ఉంటే మంచిదే" అంది మెత్తగా. పుట్టి బుద్ధెరిగాక నేను పెంచకుండా చెప్పిన నిజం బహుశా ఆ కడియం ఆమెదేనన్నదొక్కటే. అది చెల్లలేదు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గణపవరంలో ఓ ముసలి కంసాలిని పట్టుకున్నాను. మూడు చుక్కలు కొట్టమని, మూడోది వంకరగా పడాలని చెప్పాను.

"ఎంత వంకరండీ?"

కాగితం మీద గీసి చూపించాను.

"తిన్నగా కొట్టడం నేర్చుకోడానికే సగం ఆయుష్షు పోయిందండీ. ఇప్పుడు వంకరంటే ఎలాగండీ?" అంటూనే కొట్టాడు.

తెచ్చి ఆమె చేతికి నేనే తొడిగాను. ఒకటో చుక్క, రెండో చుక్క. మూడోదాని దగ్గర వేలు ఆగింది. నా గుండె చప్పుడు ఏలూరు స్టేషన్లో రైలుకి వినిపించి ఉంటుంది.

"కొట్టించావా?" అంది.

మళ్ళీ తీసి నా చేతిలో పెట్టింది.

"పోనీలే. మీ ఆవిడకివ్వు. నేనెవరితోనూ అననులే."

అనలేదు కూడా. చుట్టాలెవరైనా బోసి చెయ్యి చూసి అడిగితే, "బరువుగా ఉందని నేనే తీసేశానమ్మా" అనేది. అబద్ధమాడటం రాని మనిషి, నన్ను కాపాడటానికి నేర్చుకుంది. ప్రతిసారీ పక్కగదిలో కూర్చుని విన్నాను.

రెండు నెలలకి ఆసుపత్రిలో పోయింది. చివరిరోజంతా ఎడమ బొటనవేలు కుడి మణికట్టు మీద రాస్తూనే ఉంది. "దురదగా ఉందామ్మా?" అని నర్సు పౌడరు అద్దింది.

ఇంటికి తెచ్చాక, స్నానం చేయించబోతూ ఒంటి మీది నగలు తీయడానికి ఆడవాళ్ళు చూశారు. తీయడానికేమీ లేదు.

"ఆ కడియం ఏమైందండీ?" అంది ఎదురింటావిడ.

జరిగిందంతా చెప్పుకోడానికి అంతకన్నా మంచి సమయం రాదు. మా ఆవిడ నావైపే చూస్తోంది. బీరువాలో కడియం ఉంది, దాని లోపల ఆరక్షరాల నంబరుంది, దాని పక్కన నేను కొట్టించిన చుక్కలున్నాయి.

"బరువుగా ఉందని అత్తయ్యే తీసేసిందండీ" అన్నాను.