గుండీలక్క చేసిన ట్రే

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, బజారులో అందరికీ ఆమె గుండీలక్కే. దర్జీల వీధి మలుపులో చిన్న కొట్టు ఆమెది. గుండీలు, దారపు ఉండలు, లేసులు, జిప్పులు అమ్ముతుంది. కొట్టు వెనకే రెండు గదుల ఇల్లు. అందులో ఉండేది ఆమె ఒక్కతే.

మొగుడు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. పోట్లాడి వెళ్లలేదు. పని మీద పక్క ఊరికి వెళ్లి వస్తుండేవాడు. రావడం తగ్గింది, ఆ తర్వాత మానేశాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని, కూతురు కూడా పుట్టిందని ఎవరో చెబితే తెలిసింది. అక్క వాళ్లన్న వెళ్లి నాలుగు దులిపి వస్తానంటే, ఇష్టం లేని మనిషిని లాక్కొచ్చి ఏం చేసుకుంటానని ఆపేసింది. పెళ్లి ఫొటో మాత్రం గోడ మీద అలాగే ఉంచింది. ఇంకా ఎందుకే అని అడిగినవాళ్లకు, తీస్తే గోడ మీద మచ్చ కనబడుతుందని చెప్పేది. అది కొంతవరకు నిజమే.

కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం కొట్టులోకి ఒక అమ్మాయి వచ్చింది. ఏం కావాలమ్మా అంటే చెప్పదు. లేసు చుట్టలు అటూ ఇటూ తిప్పి చూస్తూ, మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగింది. అప్పుడు తనెవరో చెప్పింది. తను ఆయన కూతురట. నాన్న పోయి నెల దాటిందట.

అక్క బల్ల మీది కత్తెర తీసి సొరుగులో పెట్టింది. మళ్లీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పోయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాన్న ఫొటోలన్నీ జబ్బు పడ్డాక ఫోనులో తీసినవేనని, వయసులో ఉన్నప్పటిది ఒక్కటీ లేదని ఆ అమ్మాయి నసుగుతూ చెప్పింది. వరసకైతే పెద్దమ్మ అనాలి. ఆ పిల్ల ఆంటీ అంది.

"మీ దగ్గర పెళ్లి ఫొటో ఉందని చుట్టాలెవరో చెప్పారు. అది ఒక్క వారం ఇవ్వండి ఆంటీ. స్టూడియోలో నాన్నది ఒక్కటే వేరుగా తీయించుకుని, మీది మీకు తెచ్చిస్తాను."

అక్క లోపలికి వెళ్లి ఫ్రేము దింపింది. వెనకాల తుప్పుపట్టిన మేకుల్ని పట్టకారుతో లేపి, అట్ట తీసి, ఫొటోని నెమ్మదిగా అద్దం నుంచి విడదీసింది. తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చింది. ఆ పిల్ల గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఖాళీ ఫ్రేము మంచం మీద పెట్టుకుని కూర్చుంటే, పిల్లకు కాసిని టీ అయినా ఇవ్వలేదే అని గుర్తొచ్చింది. మళ్లీ ఎలాగూ వస్తుంది. ఈసారి మర్యాదగా ఇవ్వాలి. చూస్తే ఇంట్లో ట్రే లేదు. ఒంటి మనిషికి ట్రేతో పనేముంది, ఎప్పుడూ కొనలేదు. పాత ఫ్రేముతో ట్రే చేసుకుంటున్నానని ఒకసారి లేసు కొనడానికి వచ్చినావిడ చెప్పిన మాట అప్పుడు మనసులో మెదిలింది.

మర్నాడు ఎదురింటి వడ్రంగి చేత అడుగుకి ప్లైవుడ్ ముక్క కోయించింది. ఎవరొస్తున్నారక్కా అని అతను అడిగితే చుట్టాలంది. ముదురు నీలం గుడ్డని ప్లైవుడ్ మీద బిగలాగి అంటించి, దాని మీద ముత్యపు రంగు గుండీలు పువ్వుల్లా పేర్చింది. చూడటానికి బాగానే ఉంది గానీ, పైన అద్దం పెడితే కూర్చోలేదు, గుండీల మందానికి ఎత్తుగా నిలబడిపోయింది. విసుక్కుంటూ అన్నీ పీకేసింది. గుండీలమ్ముకునే దాన్ని, నా ట్రేలోనే గుండీలు పట్టలేదు అనుకుని కొంచెం నవ్వొచ్చింది. ఆఖరికి సన్న లేసు వేసింది. అద్దం చక్కగా కూర్చుంది. రెండు పక్కలా సొరుగు పిడులు బిగించడానికి వడ్రంగే వచ్చాడు. పాత కర్ర చీలిపోతుందని ముందు సన్నగా బెజ్జాలు వేసి, తర్వాత మరలు తిప్పాడు. పైన వార్నిష్ పూసి కిటికీలో ఆరబెట్టింది.

వారం గడిచింది. ఆ పిల్ల రాలేదు. అక్క రోజూ ట్రే తుడిచి, కప్పులు బోర్లించి, పాలు కొంచెం ఎక్కువ తీసుకునేది. మిగిలినవి తోడుపెట్టేది. వానలు వెనకపట్టాక ఆ పిల్ల వచ్చింది. ఫొటో చేతికిచ్చి, ఇన్నాళ్లూ రావడానికి సెలవు దొరకలేదంది. అక్క కొట్టు తలుపు సగం మూసి ఆమెను లోపల కూర్చోబెట్టి, ట్రేలో టీ పట్టుకొచ్చింది.

"నాన్నకీ ఇలాగే చిక్కగా ఉండాలి. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు," అంది ఆ అమ్మాయి.

తన దగ్గరున్న రోజుల్లో ఆయన టీ ముట్టేవాడు కాదు. ఆ వాసనే పడదనేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అవునా," అని మాత్రం అంది అక్క.

ఆయన ఈల ఎంత బాగా వేసేవాడో, చిన్నప్పుడు తనను సైకిల్ మీద ఎలా తిప్పేవాడో ఆ పిల్ల చెబుతూనే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి గురించి విన్నట్టు వింది అక్క. కప్పు ఖాళీ అయ్యాక అడిగింది.

"నా గురించి ఎప్పుడైనా అనేవాడా?"

ఆ పిల్ల అబద్ధం వెతుక్కోలేకపోయింది. "మా ముందు ఎప్పుడూ అనలేదండీ," అని తల దించుకుంది. దించిన చూపు ట్రే మీద ఆగింది. "ఇది ఎక్కడ కొన్నారు? భలే ఉంది."

"ఇంట్లోనే చేశాను," అంది అక్క. ఆ ఫ్రేము దేనిదో చెప్పలేదు.

వీధి చివరిదాకా వెళ్లి సాగనంపి వచ్చి, ఫొటోని బీరువాలో చీరల మడతల మధ్య పెట్టింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. రావలసిన పని కూడా లేదు.

ట్రేని ముందు వడ్రంగి భార్య అడిగి తీసుకెళ్లింది, ఆమె తమ్ముడు వచ్చినప్పుడు. తర్వాత పక్కింటి దర్జీ కోడలు. ఇప్పుడు దర్జీల వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా అక్క ట్రే కోసం మనిషి వస్తుంది. అక్క ఇస్తుంది. తడిగుడ్డతో తుడవద్దు, అద్దం కిందికి నీళ్లు దిగుతాయి అని ఒక్క మాట చెబుతుంది. సాయంత్రానికి ఎవరో ఒకరు తెచ్చి బల్ల మీద పెట్టి, పనుందక్కా అంటూ వెళ్లిపోతారు.