జమ్మలమడుగు మీద కొట్టిన గోలు

ప్రొద్దుటూరులో బొరుగుల ఉగ్గాని మీద నిమ్మకాయ పిండడం మానేశారు. అడిగితే ఒక ముక్క తెచ్చి పళ్లెం అంచున పెడతారు, పిండుకునే పూచీ మనదే. ఈ ఫిర్యాదును ప్రతి ఆదివారం పొద్దున టిఫిన్ అంగడిలో నా ఎదురుగా కూచునే లెక్కల మాస్టరుకు చెప్పుకుంటాను. ఆయన విన్నట్టే తలాడించి, మిరపకాయ బజ్జీ తుంచుకుంటూ, జమ్మలమడుగు మీద కొట్టిన గోలు గురించి ఎత్తుకుంటాడు. ఇరవై ఏళ్లుగా మా ఆదివారాలు ఇట్లాగే గడుస్తున్నాయి. మా ఇద్దరిలో ఎవరికీ విసుగు పుట్టలేదు. పక్క బల్ల వాళ్ల సంగతి మాకు తెలియదు.

ఆ గోలు కొట్టినాయన మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో పదో నంబరు. ఊరంతా ఆయన్ను మామా అంటుంది, ఆయన కంటే పెద్దవాళ్లు కూడా. బంతి ఆయన ఎడమకాలికి దొరికిందంటే మైదానం గట్టు మీద శనక్కాయలు అమ్మే ఆమె కొలవడం ఆపి చూసేది. జమ్మలమడుగులో ఆ రోజు ఆయన మైదానం మధ్య నుంచి కొట్టాడని మాస్టరు లెక్క. అప్పుడు వాన పడుతోందని నా జ్ఞాపకం. వలకు పక్కన ముందే చిల్లు ఉండిందనీ, బంతి బయటి నుంచి ఆ చిల్లులో దూరిందనీ జమ్మలమడుగు వాళ్లు ఇప్పటికీ అంటారు. ఆయన్నే అడిగితే, "మోకాలికి తగిలె అప్పా. యాడికి పాయనో నేను చూల్యా" అంటాడు. గోలు కొట్టినవాడి సాక్ష్యం కదా అని మేము దాన్ని పట్టించుకోలేదు.

తర్వాత ఆ మోకాలే ఆయన్ను ఆటకు దూరం చేసింది. మూడేళ్ల కిందట ఆయన్ను జట్టుకు మేనేజరును చేశారు. మా ఊళ్లో మేనేజరంటే బ్యాంకులో ఉంటాడు, లేకుంటే లాడ్జిలో ఉంటాడు. ఈ సంగతి తెలిసి మాస్టరు భార్య ఏ బ్రాంచి అని అడిగిందట. శిక్షణ ఇవ్వడం, జట్టును ఎంచడం, బంతికి గాలి కొట్టించడం అన్నీ ఆయనే. ఈ మూడేళ్లలో జట్టు ఎట్లా ఆడిందంటే, చుట్టుపక్కల ఊళ్లన్నీ మమ్మల్ని మళ్లీ మళ్లీ ఆప్యాయంగా పిలిచేవి. ఓడిన ప్రతిసారీ మేమిద్దరం ఆయన్ను టిఫిన్ అంగడికి తీసుకుపోయి, జమ్మలమడుగు గోలును మొదటి నుంచి చెప్పి ఓదార్చేవాళ్లం. ఆయన మాట్లాడకుండా వినేవాడు. ఓదార్పు పనిచేస్తోందనుకున్నాం.

ఒక ఆదివారం ఆయనే మమ్మల్ని ఆపాడు. "వచ్చే వారం పులివెందులలో మ్యాచ్ ఉండాది. ఆడ గూడా ఓడితే నేను ఇడ్సిపెడ్తాండా. ఇంకెవురినన్నా చూసుకోండి" అన్నాడు.

మాస్టరు చేతిలోని బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఆయన మాట అంటే మాటే. ఆయన లేని మైదానం గట్టు మీద మేము కూచుని చేసే పనేమిటో ఇద్దరికీ తోచలేదు. చేసేది లేక ఆ మ్యాచ్‌కు మేమూ జట్టుతో పాటు బస్సెక్కాం.

ఆ ఏడు మాకు కొత్త గోల్‌కీపరు దొరికాడు. గోదావరి వైపు కుర్రాడు, బ్యాంకు ఉద్యోగం మీద మా ఊరికి బదిలీ అయి వచ్చాడు. బంతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు. మర్యాద కూడా ఎక్కువే. బంతి తన్నే ముందు ఎదుటివాణ్ణి "జరగండి" అనేవాడు. అతనికి ఇబ్బంది ఒక్కటే, మా మాట. మేము "అక్కడ"ను "ఆడ" అంటాం. "ఆడప్పా" అంటే "అదిగో అక్కడ, నాయనా" అని. గోదావరి చెవికి అదే "ఆడు నాయనా" అని వినిపిస్తుందని పులివెందుల పోయేదాకా మాకెవరికీ తట్టలేదు.

మొదటి సగం ముగిసే వేళకు ఇరువైపులా గోలు లేదు. పులివెందుల వాళ్లకు ఫ్రీకిక్ దొరికింది. వాళ్ల ఆటగాడొకడు ఎడమ పక్క ఒంటరిగా నిలబడి ఉన్నాడు, వాణ్ణి కాచేవాళ్లు లేరు. మామ గీత అవతల నుంచి చెయ్యి చాపి అరిచాడు. "ఆడప్పా, ఆడ!"

గోల్‌కీపరు ఆయన వైపు తిరిగాడు. "ఆడుతూనే ఉన్నానండీ" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ముఖం చూసి మాట్లాడాలని అతనికి ఇంట్లో చక్కగా నేర్పారు. ఆ మర్యాద పూర్తయ్యేసరికి బంతి వలలో ఉంది.

విరామంలో మాస్టరు అతనికి ఆడ, ఈడ, యాడ మూడూ వివరించాడు. అతను శ్రద్ధగా విని, "అయితే నన్ను తిట్టలేదన్నమాటండి" అని తేలికపడ్డాడు. ఇకమీద "అక్కడ" అనే అంటానని మామ ఒప్పుకున్నాడు. రెండో సగంలో ఆయన "అక్కడ, అక్కడ" అని అరిస్తే, టీవీలో వార్తలు చదువుతున్నాడేమోనని మా ఊరి పిల్లలే తిరిగి చూశారు.

ఆ సందులో మా పక్కన కూచున్న పులివెందుల పెద్దాయన మాస్టరును కదిలించాడు. "ఏందప్పా, మీ కోచ్ యాడన్నా ఆడినాడా, లేక ఉత్త అరుపులేనా?"

ఇంత మాట అన్నాక మేము ఊరుకుంటే బాగుండదు. మాస్టరు లేచి నిలబడి జమ్మలమడుగు మైదానం కొలతల దగ్గర మొదలుపెట్టాడు. నేను వాన కలిపాను. మామ బంతి వెనక పరుగెత్తిన తీరు చూపించడానికి ఇద్దరం మైదానానికి వీపు పెట్టాం. మాస్టరు కాలు వెనక్కి లాగి కొట్టబోయే సమయానికి మా వెనక పెద్దగా కేకలు లేచాయి. తిరిగి చూస్తే మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. ఒకటి ఒకటి. మ్యాచ్ అట్లాగే ముగిసింది.

తిరుగు బస్సు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక చిక్కుకుంది. ముందు సీట్లోంచి మామ మా వైపు తిరిగాడు.

"గోలు చూస్తిరి గదా, ఎట్ల పడె?"

"ఏం చెప్పల్ల మామా, అచ్చం జమ్మలమడుగు గోలు మాదిరే" అన్నాడు మాస్టరు.

నేనూ తలాడించాను. మామ కిటికీ వైపు తిరిగాడు.

ప్రొద్దుటూరులో దిగాక నేరుగా ఆయన ఇంటికే పోయాం. డ్రా అంటే ఓడినట్టు కాదు కాబట్టి ఆయన ఇడ్సిపెట్టడానికి వీల్లేదని మాస్టరు లెక్క తేల్చాడు. గెలిచినట్టూ కాదు గదా అన్నాడు మామ. ఆయన మనసు మార్చడానికి మా దగ్గరున్నది ఒక్కటే. మాస్టరు గొంతు సవరించుకుని, "ఆ పొద్దు జమ్మలమడుగులో..." అని ఎత్తుకున్నాడు.

మామ భార్య మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. "ఆ గోలు సరేలేప్పా. ఈ పొద్దు గోలు ఎవురు కొట్టిరి?" అంది.

మాస్టరు నా వైపు చూశాడు. నేను నీళ్లు తాగాను.

"నేను చెప్తా" అందామె. "కార్నర్ నుంచి వచ్చింటాది, రైట్ బ్యాక్ పిల్లోడు తలతో కొట్టింటాడు. మూడు వారాలుగా ఈయప్ప వంటింట్లో ఉల్లిగడ్డలు పరిచి, ఇది ఈడికి రావల్ల, అది ఆడికి పోవల్ల అని జరుపుతాండె. నేను కూరకొకటి తీసుకుంటే, అది రైట్ బ్యాక్ అని అరిచె."

మామ చిన్నగా నవ్వి నేల చూశాడు. అట్లాగే జరిగిందని ఆ నవ్వే చెప్పింది.

ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుంటూ మా ఇద్దరినీ చూసింది. "మీరంతా ఈయప్ప ఆడింది చూసినోళ్లే. ఆడిపిచ్చేది చూసినోడు మీలో ఒగడన్నా ఉండాడా?"