గాలి పక్కనుంచి కొట్టినప్పుడు

గిద్దలూరు స్టేషన్‌లో గుంటూరు రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న పాతికేళ్ళ పాప ఇడ్లీ పొట్లం విప్పకుండానే పారేయబోయింది. కొన్న తిండి పారేయొద్దని గద్దించాను.

"మనసు బాగలేదవ్వా," అంది.

మా ఊళ్ళవైపు పిల్లే, విమానం నడుపుతుందట. ఆ వారమే దించబోతుంటే గాలి పక్కనుంచి గట్టిగా కొట్టిందట. అట్లాంటప్పుడు ఎలా దించుతారో అరచెయ్యి చాపి చూపించింది. విమానం ముక్కు గాలివైపు తిప్పుకుని ఏటవాలుగా వస్తారు. చక్రాలు నేలకు తగిలే ముందు నేరుగా తిప్పుతారు. అక్కడికి వచ్చేసరికి ఆ చెయ్యి పైకి లేపేసింది.

"దించలేక మళ్ళీ పైకి లేపినా. లోపల జనం అరిచినారు. ఈ పని మానెయ్యమని మాయమ్మ ఒకటే ఏడుస్తా ఉంది."

"లేపినాక ఏం చేసినావు?"

"గాలి తగ్గినాక దించినా."

"అందరూ ఇండ్లకు పోయినారా?"

"పోయినారవ్వా."

"మరింకేంది? కళ్ళంలో సజ్జలు తూర్పార పట్టేటప్పుడు గాలి తిరిగితే మేం చేట దించి కూచుంటాం. కుదిరినాక మళ్ళీ ఎత్తుతాం. తిరిగిన గాలిలో ఎత్తేది తిక్కది. పొట్టు అంతా దాని కండ్లలోనే పడుతుంది."

ఆ పాప నవ్వలేదు. పారేయబోయిన పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తనే ఫోన్ చేసింది.

"అమ్మా, రేపు డ్యూటీకి పోతున్నా."

అవతలి ఏడుపు నాకూ వినబడింది. ఆ పాప ఫోన్ పెట్టేయలేదు, ఎదురు చెప్పలేదు. ఏడుపు సద్దుమణిగేదాకా ఆగి, మెల్లగా మళ్ళీ అదే మాట చెప్పింది.