నాన్న భయపడని ఫొటో

సెల్‌ఫోన్లు మా జాలరిపేటలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను విశాఖలోనే ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మెదడు సిగ్నల్స్‌ని బట్టి మనిషి సంతోషంగా ఉన్నాడో, భయపడుతున్నాడో కంప్యూటర్ చెప్పాలి. అదీ నా ప్రాజెక్టు. తలకి జిగురు పూసి వైర్లు అంటిస్తానంటే స్నేహితులెవరూ ఒప్పుకోలేదు. చివరికి మా నాన్నే చేపల వేట మానుకుని వచ్చాడు. వారం రోజులపాటు ఫొటోలు చూపిస్తూ, ఆయన సిగ్నల్స్‌తోనే ఏది సంతోషమో, ఏది భయమో కంప్యూటర్‌కి నేర్పించాను.

వైవా రోజున ఎగ్జామినర్ ఎదుట నాన్నకి కొత్త ఫొటోలు చూపించాను. ఒకదాంట్లో నల్లటి మబ్బులు, ఎగసిపడుతున్న సముద్రం, నీళ్లమీద వాలుతున్న తెల్ల పక్షులు ఉన్నాయి. నేను ముందే రాసుకున్న పట్టికలో దాని పక్కన ‘భయం’ అని ఉంది. తెరమీద మాత్రం ‘సంతోషం’ అని వచ్చింది. మళ్లీ చూపించినా అదే.

“ఇలాగైతే పాస్ చెయ్యలేనమ్మా” అంటూ ఎగ్జామినర్ పెన్ను తీశారు.

“ఏటయిందమ్మా?” అన్నాడు నాన్న. చెప్పాను.

ఆయన ఎగ్జామినర్ వైపు తిరిగాడు. “భయమెందుకు బాబూ? పిట్టలలా పడతన్నాయంటే కింద సేపల గుంపున్నట్టే. వల ఎక్కడెయ్యాలా అని సూత్తన్నాను నాను.”

ఎగ్జామినర్ నవ్వి, నా పట్టికలో ‘భయం’ కొట్టేసి తన చేత్తోనే ‘సంతోషం’ అని రాశారు. ఆ ఏడాది ప్రాజెక్టుల్లో ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

తలనిండా జిగురుతో నాన్న దర్జాగా నడుస్తుంటే ఆయన పక్కన నేనూ తలెత్తుకునే నడిచాను. కానీ ఆ ఫొటో పక్కన ‘భయం’ అని రాసింది జాలరి కూతురినైన నేనే. నాన్న మనసు నాకంటే ముందు కంప్యూటర్‌కి తెలిసింది.