కోరానికి మూడో మనిషి

కంగారూల దేశంలో, గిరావీన్ అనే పేటలో మా పక్కింటివాళ్ళ కారు ఎప్పుడూ ఎండలోనే ఉండేది. గ్యారేజీలో ఒక రాజకీయ పార్టీ ఉండేది. ఆ ఇంటి పెద్దాయన, అఫ్ఘానిస్తాన్ వదిలి వచ్చిన నాయకుడు, తన పార్టీని అక్కడినుంచే నడిపేవారు. అద్దె ఇంటి గోడకి మేకు కొట్టకూడదని షరతు, అందుకని జెండాను వాషింగ్ మెషీన్ మీద పరిచేవారు. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం ఎత్తి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగ్ పెట్టేవారు. వీధిలో కోసిన గడ్డి వాసన, ఎవరింట్లోనో మాంసం కాల్చే బార్బీ పొగ, వాటి మధ్య ఆయన గొంతు.

నేను కూతురి బిడ్డను చూసుకోవడానికి కర్నూలు నుంచి వచ్చాను. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిసే నడుస్తాయి. ఆయన పెషావర్‌లో చాలా ఏళ్ళు ఉన్నారు కాబట్టి ఉర్దూ వచ్చు. ఆయనది పుస్తకాల ఉర్దూ, నాది బజారు ఉర్దూ. కంచె మీదుగా మాట్లాడుకునేవాళ్ళం. నన్ను ఆపా, అంటే అక్కా, అనేవారు, నేను భాయ్‌సాబ్ అనేదాన్ని.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారుమారవుతాయని అందరూ భయపడిన కాలం అది. ఆ భయమే మా అల్లుడికి ఉద్యోగం ఇచ్చింది. పార్టీ కుర్రాళ్ళు అతని దగ్గరికి వచ్చి ఏ కోర్సు చేయాలని అడిగేవారు. ఓపిగ్గా చెప్పేవాడు. వాళ్ళు కోర్సులు చేశారు, షిఫ్టు ఉద్యోగాల్లో చేరారు, ఆదివారాలు రావడం మానేశారు. ఒకటి రెండేళ్ళలో నాయకుడూ, ఒక చెవి సరిగా వినపడని ముసలి సెక్రటరీ మాత్రం మిగిలారు. కుర్చీలు అన్నీ వేసేవారు. కానీ ఆ పార్టీ నియమం ప్రకారం ముగ్గురు లేనిదే కోరం లేనట్టే, మీటింగ్ మొదలుకాదు.

ఒకరోజు ఆయన కంచె దగ్గరికి వచ్చారు.

"ఆపా, ఆదివారం ఒక గంట వచ్చి కూర్చుంటారా? సభ్యత్వం ఇస్తాను."

"నేను కర్నూలుదాన్ని భాయ్‌సాబ్."

"నియమాల్లో ఊరి మాట లేదు. చదవడం రావాలని మాత్రం ఉంది."

"అదే రాదు."

"అయితే నేర్పిస్తాను. మా పార్టీ పుట్టిందే పల్లెల్లో అక్షరాలు నేర్పడానికి."

ఇంట్లో ఒకటే నవ్వులు. "అత్తమ్మా, మీరు మినిస్టర్ అయితే నన్ను మాత్రం కాబూల్‌కి ట్రాన్స్‌ఫర్ చేయగాకండి," అన్నాడు అల్లుడు. "అమ్మీ, వీకెండ్ కూడా బాబును డేకేర్‌లో ఎయ్యాల్నా ఏంది?" అంది కూతురు. అయినా వెళ్ళాను.

మీటింగ్ అయ్యాక పాఠం. ఖురాన్ చెవితో నేర్చుకున్నదాన్ని, అక్షరం ముఖం ఎరగను. ప్రతి ఉర్దూ అక్షరానికీ ఆయన తన బతుకులోంచి ఒక మాట తీసేవారు. జీమ్‌కి జల్సా, అంటే సభ. మొదటి సభలో మాట్లాడేనాటికి ఆయనకి ఇంకా మీసాలు రాలేదట. ఖాఫ్‌కి ఖైదు. అక్కడ తోటి ఖైదీ దగ్గర చదరంగం నేర్చుకున్నారు. ఎన్నికల్లో గెలిచింది ఒక అక్షరానికి, కొండలు దాటి పారిపోయింది ఇంకో అక్షరానికి, పెషావర్ గుడారాల్లో పార్టీ రెండుగా చీలింది మరో అక్షరానికి. ఆయన రాజకీయ జీవితమంతా నాకు వర్ణమాల వరసలోనే తెలుసు. ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ తికమకే. తెలుగు ఆ తరువాత కూతురి దగ్గర నేర్చుకున్నాను కానీ, దారి పడింది ఆ గ్యారేజీలోనే.

విడి అక్షరాలు పట్టుబడి, వాటిని కలిపి చదవడానికి తంటాలు పడుతున్న రోజుల్లో జర్మనీ నుంచి ఫోను వచ్చింది. అక్కడి పెద్ద పార్టీ ఒకటి వీళ్ళను తమలో కలిసిపొమ్మంది. కలిస్తే ఆయనకి ఉపాధ్యక్ష పదవి. గ్యారేజీ ఆఫీసు మూసేసి, ఆ పార్టీ శాఖ ఉన్న మెల్‌బోర్న్ వెళ్ళిపోవాలి. ఆయన ఆ విషయం ఓటుకి పెట్టారు.

కలవాలని సెక్రటరీ చెయ్యెత్తారు. "ఇంకో అవకాశం వచ్చేదాకా నా మోకాళ్ళు ఆగవు," అన్నారు.

"వద్దనేవాళ్ళు?" అన్నారు నాయకుడు.

నేను చెయ్యెత్తాను. ఆ క్షణంలో నా మనసులో అఫ్ఘానిస్తాన్ లేదు. ఆయన వెళ్ళిపోతే నా పాఠం ఆగిపోతుందన్న ఒక్క ఆలోచనే ఉంది.

ఓట్లు సమానమైతేనే అధ్యక్షుడు ఓటు వేయాలి. ఆయన నా చేతివైపు చాలాసేపు చూశారు. "పరాయి దేశం ఆడమనిషి ఈ పార్టీ ఉండాలంటోంది. నేనెలా మూసేస్తాను?" అని తన చెయ్యి కూడా ఎత్తారు.

బయట చెత్త డబ్బాల దగ్గర సెక్రటరీ నాకోసం ఆగారు. "చదువు కోసమే కదమ్మా?" అన్నారు నెమ్మదిగా. నేను డబ్బా మూత సరిచేశాను. చెవి వినపడని మనిషికి నా మనసు ఎలా వినపడిందో.

కొన్ని నెలలకి కాబూల్‌లో ప్రభుత్వం మారింది. దేశం బయట ఉన్న పార్టీలను చర్చలకి పిలిచారు. పెద్ద పార్టీకి పిలుపు వచ్చింది. ఈయన ఫోను తీగను గ్యారేజీదాకా లాగి, దాని పక్కనే కూర్చునేవారు. అది మోగితే అందులో ఆయన మనవరాలి స్కూలువాళ్ళు ఉండేవారు. ఒక సాయంత్రం మా ఇంట్లో టీవీ చూస్తుండగా, ఆయన వద్దన్న పదవి తీసుకున్న మనిషి కాబూల్‌లో విమానం దిగాడు.

"ఆ కోటు నాకు తెలుసు," అన్నారాయన. "పెషావర్‌లో ఇద్దరం కలిసి వెళ్ళి కొన్నాం."

ఆయన వెళ్ళాక కూతురితో ఓటు సంగతంతా చెప్పాను. "ఊరుకో అమ్మీ, ఒక్క ఓటుతో ఏమయిపోతాది?" అంది. ముగ్గురే ఉన్న పార్టీలో ఒక్క ఓటు ఎంతో ఆమెకి తెలియదు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి కుర్చీలు వేసి ఉన్నాయి, జెండా పరిచి ఉంది. సెక్రటరీ రాలేదు. పెద్ద పార్టీలో చేరిపోయారని తరువాత తెలిసింది. ఏలకుల టీ చల్లారిపోయేదాకా ఇద్దరం షట్టర్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ ఓటు దేనికి వేశానో ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిచేలోగా ఆయన కాగితం మీద ఒక వాక్యం రాసి నా ముందుకి జరిపారు.

"చదవండి ఆపా. తొందర లేదు."

వేలు పెట్టి చదివాను. "సభ్యులు చాలనందువల్ల ఈరోజు సమావేశం వాయిదా పడింది."

"ఒక్క తప్పు లేదు," అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. "మళ్ళీ ఒకసారి."

నేను తలెత్తకుండా మళ్ళీ చదివాను.