ఎర్రమ్మ కేస్ షీటులో నేను రాసిన మాట

2013లో నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. హైవేకి దగ్గర కాబట్టి మా క్యాజువాలిటీకి వచ్చేవాటిలో రోడ్డు ప్రమాదాలే ఎక్కువ. అలాంటి ప్రతి కేసునీ ఎం.ఎల్.సి. అంటాం, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు. మనిషిని చూడడంతో పాటు కాగితం కూడా రాయాలి. పేరు, వయసు, ఊరు, వృత్తి, గాయాలు. ఆ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో, ఆరేళ్ళ సర్వీసున్నా, నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఒకరోజు పొద్దున్న పదిన్నర ప్రాంతంలో ఎచ్చెర్ల వైపు నుంచి ఒకామెను ఆటోలో తెచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. పేరు ఎర్రమ్మ అని తెచ్చినవాళ్ళు చెప్పారు. కొట్లకు సబ్బులూ బిస్కెట్లూ వేసే డెలివరీ వ్యాను సరుకు దించేసి, వెనక ఎవరున్నారో చూసుకోకుండా రివర్స్ చేసి, రోడ్డు పక్కనున్న ఈమెను గుద్దేసింది. చీరంతా తడిసి ఉంది. నీచు వాసన. జుట్టులో రెండు మూడు చేప పొలుసులు మెరుస్తున్నాయి. కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోతోంది. మెడ కదలకుండా పట్టి ఉంచే కాలర్ వేయించాను. స్పృహలోనే ఉంది గానీ మాట సరిగా రావడం లేదు. ఒకటే అడుగుతోంది.

"నా తట్ట ఏదీ? నా తట్ట ఏదీ?"

నొప్పిలో ఉన్నవాళ్ళు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. పట్టించుకోలేదు. బయట ఇంకో ఇద్దరు పేషెంట్లు స్ట్రెచర్ల మీద ఉన్నారు. కేస్ షీటులో వృత్తి దగ్గర 'గృహిణి' అని రాసి పేజీ తిప్పాను. ఆడవాళ్ళకు మేమందరం అలవాటుగా రాసే మాట అదే. ఎవర్నీ అడగలేదు.

మెడలో ఒక పూస విరిగింది. విశాఖపట్నం పంపించాం. అక్కడ ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ప్రాణం దక్కింది, కాళ్ళు పడిపోలేదు. మా లెక్కలో అది మంచి ఫలితమే.

ఏడాదిన్నర తర్వాత ఆమె మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. వ్యాను యజమాని మీదా, దాని ఇన్సూరెన్స్ కంపెనీ మీదా నష్టపరిహారం కేసు వేశారట. డిజబిలిటీ సర్టిఫికెట్ కావాలి. శరీరం ఎంత శాతం పనికిరాకుండా పోయిందో డాక్టరు లెక్కగట్టి రాసే కాగితం అది. తోడుగా నూకమ్మ అనే పక్కింటామె వచ్చింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"నడస్తన్నాను బాబూ. తింటన్నాను. మెడే తిరగదు. ఈ సెయ్యి ఏటి పట్టుకున్నా ఇడిసేస్తాది." ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "మళ్ళీ ఎప్పుడెత్తొచ్చు బాబూ?"

"ఏమిటి ఎత్తడం?"

నూకమ్మ అందుకుంది. "ఏటంటారేటి బాబూ! సేపల తట్ట. ఇరవయ్యేళ్ళ బట్టీ మా ఇద్దరం ఎచ్చెర్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతన్నాం. ఆ యాను గుద్దినప్పుడు నెత్తి మీద తట్ట ఉన్నాది. ఆ బరువుకే కదా మెడ ఇరిగింది."

అప్పుడర్థమైంది నాకు, ఆ రోజు ఆమె ఏ తట్ట కోసం అడిగిందో.

"ఇంక ఎత్తకూడదు ఎర్రమ్మా. నెత్తి మీద బరువన్నది ఎప్పటికీ పెట్టకూడదు" అన్నాను.

"పది కేజీలైనా?"

"అయిదైనా కూడదు."

"అయిదు కేజీలమ్మితే ఆటో సార్జీ కూడా రాదు బాబూ" అంది.

ఆమె భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. సీజను అయిపోయి అతను వచ్చేదాకా ఇల్లు నడిచేది ఆ తట్ట మీదే. నూకమ్మ ఇదంతా చెబుతూనే ఉంది. నేను వింటూనే మా చార్టు ప్రకారం మెడకింత, చేతికింత అని కూడి ఇరవై అయిదు శాతం అని రాసి సంతకం పెట్టాను. నా లెక్కలో తప్పు లేదు. కానీ ఆ చార్టు ఎముకనూ నరాన్నీ కొలుస్తుంది. మనిషి చేసే పని అందులో ఉండదు.

2016లో కోర్టు నుంచి సమన్లు వచ్చాయి, సాక్ష్యం చెప్పమని. వాయిదాకి రెండు రోజుల ముందు ఎర్రమ్మ తరపు వకీలు ఓపీ దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"వ్యానుదే తప్పన్న దాంట్లో పేచీ లేదు డాక్టరుగారూ. గొడవంతా ఈమె సంపాదన మీదే. మీ కేస్ షీటులో గృహిణి అని ఉంది. ఆసుపత్రి కాగితం చూసి పోలీసులు ఎఫ్.ఐ.ఆర్.లో అదే రాశారు. ఛార్జిషీటులోనూ అదే. చేపలమ్మేదన్నది పరిహారం కోసం తర్వాత అల్లిన కథని ఇన్సూరెన్స్ వాళ్ళ వాదన."

"ఎవరైనా సాక్ష్యం చెప్పారా?"

"నూకమ్మ చెప్పింది. స్నేహితురాలు కదా, అలాగే చెబుతుందన్నారు. చేపలమ్ముకునే మనిషికి రసీదులెక్కణ్ణించి వస్తాయండీ?"

ఆయన వెళ్ళాక రికార్డు రూముకి వెళ్ళి ఆ కేస్ షీటు తీయించి చూశాను. నా అక్షరాలే. మా పై అధికారికి చెబితే ఆయన తేల్చేశారు. "రికార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చెయ్యండి. మనం రాసింది తప్పని మనమే ఒప్పుకుంటే రేపు ప్రతి కేసులోనూ మన కాగితాన్ని పట్టుకు లాగుతారు." ఆ మాటలోనూ నిజముంది. ఆ రెండు రోజులూ నేను ఏం చెబుతానో నాకే తెలియదు.

బోనులోకి ఎక్కాక ఇన్సూరెన్స్ వకీలు క్రాస్ మొదలుపెట్టారు, అంటే ఎదుటి పక్షం అడిగే ప్రశ్నలు.

"ఆమె నడవగలదా?"

"నడవగలదు."

"వంట చేసుకోగలదా?"

"కష్టపడి చేసుకోగలదు."

"మీ కేస్ షీటులో వృత్తి, గృహిణి. చేతిరాత మీదేనా?"

"నాదే."

అక్కడితో ఆగిపోవచ్చు. ఆయనా కూర్చోబోతున్నారు. ఎర్రమ్మ వెనక బెంచీలో ఉంది. మెడ తిరగదు కాబట్టి నన్ను చూడడానికి మొత్తం ఒళ్ళంతా బోను వైపు తిప్పుకుని కూర్చుంది.

"నాదే. కానీ ఆమెను అడిగి రాసింది కాదు" అన్నాను.

"అడిగినదానికే జవాబు చెప్పండి."

జడ్జిగారు తలెత్తారు. "చెప్పనివ్వండి."

చెప్పాను. ఆమె చీర చేపల నీళ్ళతో తడిసి ఉందని, జుట్టులో పొలుసులున్నాయని, తట్ట ఏదని మాటిమాటికీ అడిగిందని. అవన్నీ చూసీ వినీ కూడా అలవాటు కొద్దీ గృహిణి అని రాసేశానని.

"ఆ చీర సంగతి రికార్డులో ఉందా?"

"లేదు."

"మూడేళ్ళ తర్వాత గుర్తొచ్చిందన్నమాట. గుర్తు చేసుకున్నందుకు ఎంత ముట్టింది డాక్టరుగారూ?"

జడ్జిగారు ఆ ప్రశ్న ఒప్పుకోలేదు. అయినా నిండు కోర్టులో అందరూ విన్నారు. ఎర్రమ్మ తరపు వకీలు లేచి ఒక్కటే అడిగారు. "తట్ట మోసి అమ్మే పని వరకూ చూస్తే ఎంత శాతం పోయింది?"

"మొత్తం పోయింది" అన్నాను.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఆమె చేపలమ్మేదన్న మాట ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారాలు తేల్చే ఆ కోర్టు, నమ్మింది. అయితే కూర్చుని చేసే పనేదైనా చేసుకోవచ్చు కాబట్టి సంపాదన సగమే పోయినట్టు లెక్కవేసింది. అదీ ఎక్కువేనని కంపెనీ పై కోర్టుకు వెళ్ళింది. నాకు ఆసుపత్రి నుంచి మెమో వచ్చింది, రికార్డు అజాగ్రత్తగా ఎందుకు రాశారో సంజాయిషీ చెప్పమని. ఆ మెమో న్యాయమైనదే. జవాబు రాసిచ్చాను.

2019లో మెడనొప్పని ఎర్రమ్మ ఓపీకి వచ్చింది. ఈసారి ఒక్కతే.

"పై కోర్టులో తేలిందా? డబ్బులొచ్చాయా?"

"ఒచ్చాయి బాబూ. ఆపరేసన్‌కి సేసిన అప్పుకీ వడ్డీకీ సరిపోయాయి."

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"ఒడ్డున ఎండబెట్టిన సేపలకి కాపలా. కాకుల్ని తోల్తన్నాను. కూలీ కింద ఇన్ని సేపలు పెడతారు." చిన్నగా నవ్వింది. "మెడ తిరగదు కదా, ఎనకాల వాలిన కాకి కనబడదు. అది ఎత్తుకుపోతాది. ఆళ్ళు తిడతారు."

ఎచ్చెర్లలో ఆమె ఇళ్ళు, అంటే రోజూ ఆమె దగ్గరే చేపలు కొనే ఇళ్ళు, వేరే ఆమెకు పోయాయట. ఏ ఇంట్లో ఏ చేప తింటారో, ఏ అమ్మగారు ఏ వారం నీచు ముట్టరో ఇప్పటికీ గుర్తేనంది. కోర్టులో ఎవరూ ఆ సంగతి అడగలేదు. అడిగినా దానికి లెక్క లేదు.

ఆ కేసు తర్వాత నేను పేషెంటును గానీ, తెచ్చినవాళ్ళను గానీ అడగకుండా వృత్తి దగ్గర ఏమీ రాయలేదు. రెండు నిమిషాల పని. అడగడం మొదలుపెట్టాక తెలిసింది, మా క్యాజువాలిటీకి వచ్చే ఆడవాళ్ళలో జీడిపప్పు ఒలిచేవాళ్ళు, జూట్ మిల్లుకు వెళ్ళేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు, టిఫిన్ బండి నడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారో. అంతకుముందు అన్నేళ్ళూ వాళ్ళు రాలేదని కాదు. వచ్చారు. వాళ్ళందరికీ ఒకే మాట రాసి పేజీ తిప్పాను. వాళ్ళలో ఎంతమంది పరిహారం కేసులు వేశారో, ఎంతమంది నా కాగితం వల్ల ఓడిపోయారో నాకు తెలియదు. వాళ్ళ కోసం నన్నెవరూ కోర్టుకు పిలవలేదు.